వాన సగటుకు దగ్గరగానే పడింది, రిజర్వాయర్ సగం కూడా నిండలేదు. అంచనా ఎక్కడ తప్పింది?

మబ్బుచాటు | సోమవారం రాత్రి 9:12

ఎక్కడ అడగాలో తెలీక ఇక్కడ వేస్తున్నా. సీజన్ ముందు 'సాధారణ వర్షపాతం' అన్నారు, చివరికి పడ్డ వాన కూడా సగటుకు కాస్త అటూ ఇటూగానే తేలింది. అంటే అంచనా నిజమైనట్టే కదా. మరి రిజర్వాయర్ సగం కూడా ఎందుకు నిండలేదు? పైన ఎవరో ఆపేశారని ఒకరు, పూడిక అని ఒకరు, వాన లెక్కలే అబద్ధమని ఇంకొకరు. తిట్టుకోవడం కాకుండా విషయం తెలిసినవాళ్లు ఎవరైనా చెప్తారా?

లెక్కలమాస్టారు | రాత్రి 9:20

పూడిక వల్ల పట్టే నీరు తగ్గుతుంది, వచ్చే నీరు తగ్గదు. ఆ ఒక్కటి కొట్టేయండి.

గేజ్‌కర్ర | రాత్రి 9:48

నేను చాలా ఏళ్లు రిజర్వాయర్ ఇన్‌ఫ్లో అంచనాలు వేసే పనిలో ఉన్నా. రిటైరయ్యాను కాబట్టి ఇప్పుడు ధైర్యంగా రాస్తున్నా.

పైన ఆపడం కూడా కొంత నిజమే. ఎగువన చిన్న చిన్న కట్టలు, బోర్లు పెరిగేకొద్దీ కిందికి దిగే నీరు తగ్గుతూ వస్తుంది, ఆ తరుగుదల ఏ రిజిస్టర్‌లోనూ కనపడదు. కానీ మీ ప్రశ్నకు అసలు జవాబు అది కాదనుకుంటా. వాన అంచనా వేరు, నీటి అంచనా వేరు. రెంటికీ మధ్య నేల ఉంది. వాన పడగానే నేల ముందు తను తాగుతుంది, చెట్లు తాగుతాయి, ఎండ తన వాటా లాక్కుంటుంది, వీళ్లందరూ వదిలేసిన ఎంగిలి నీరే వాగులోకి వస్తుంది. ముందటి ఏడాది ఎండిపోయిన నేలైతే మొదటి నెల వానంతా అప్పు తీర్చడానికే సరిపోతుంది. పేపర్లో వాన శాతం వేస్తారు గానీ నేల ఎంత అప్పులో ఉందో ఎవరూ వెయ్యరు.

మా పనిలో మోటుగా ఒక లెక్క ఉండేది: వాన పది శాతం తగ్గితే ప్రవాహం ఇరవై నుంచి ముప్పై శాతం తగ్గుతుంది. పొడి ప్రాంతాల్లో ఇంకా ఎక్కువే. ఆస్ట్రేలియాలో పెర్త్ చూడండి. 1970ల నుంచి అక్కడి వాన సుమారు 20 శాతం తగ్గితే డ్యాముల్లోకి వచ్చే నీరు దాదాపు 80 శాతం పడిపోయింది. వానలు మళ్లీ పాత దారికి వస్తాయని కొన్నాళ్లు చూశారు, రాలేదు. 2006లో సముద్రపు నీటిని మంచినీరు చేసే పెద్ద ప్లాంటు మొదలుపెట్టారు.

మబ్బుచాటు | రాత్రి 9:55

20 ఎక్కడ, 80 ఎక్కడ! టైపింగ్ పొరపాటు కాదు కదా?

లెక్కలమాస్టారు | రాత్రి 10:10

కాదు. చేత్తో వేసుకోండి, తెలుస్తుంది. ఊరికే లెక్క కోసం అనుకుందాం, ఒక పరీవాహక ప్రాంతంలో ఏడాదికి 1000 మిల్లీమీటర్ల వాన. అందులో 750 నేల, చెట్లు, ఆవిరి కింద పోతుంది. నదికి మిగిలేది 250. ఇప్పుడు వాన 900కి తగ్గింది, చెట్ల దాహం మాత్రం తగ్గలేదు. 900లోంచి 750 తీసేస్తే 150. వాన తగ్గింది 10 శాతం, నది తగ్గింది 40 శాతం. నిజానికి తడి లేనప్పుడు ఆవిరి కూడా కొంత తగ్గుతుంది కాబట్టి గేజ్‌కర్ర గారు చెప్పిన ఇరవై, ముప్పై దగ్గర ఆగుతుంది. దీనికి తోడు ఎండలు ముదిరి ఆవిరి ఇంకో 30 ఎక్కువ లాగేసిందనుకోండి, నదికి మిగిలేది 120. వానలో మార్పేమీ లేకపోయినా ఈ 30 మాత్రం నది ఖాతాలోంచే పోతుంది. ఖర్చులన్నీ పోగా మిగిలే జీతం లాంటిది నది. జీతం కాస్త కోత పడితే మిగులు మొత్తం ఎగిరిపోతుంది.

సందేహాలరావు | రాత్రి 10:31

అన్నీ బాగానే ఉన్నాయి గానీ ప్రతిదానికీ వాతావరణ మార్పు అనేయడం ఫ్యాషనైపోయింది. కరువులు ఇప్పుడు కొత్తగా వచ్చాయా? అమెరికాలో చెట్ల మానులో ఏటా ఏర్పడే వలయాలు చూసి పన్నెండో శతాబ్దంలోనే దశాబ్దాల తరబడి కరువులొచ్చాయని శాస్త్రవేత్తలే చెప్పారు. అప్పుడు కార్లున్నాయా, ఫ్యాక్టరీలున్నాయా? జనం పెరిగారు, వాడకం పెరిగింది, మేనేజ్‌మెంట్ చేతకాదు. నేరం ఆకాశం మీదికి తోస్తే ఎవరూ జవాబు చెప్పక్కర్లేదు, అంతేగా.

శాటిలైట్‌కన్ను | రాత్రి 10:52

రావు గారూ, మీరన్న చివరి మాట నాకూ నచ్చింది, వాడకం సంగతి నిజమే. కానీ ఆ చెట్ల వలయాలే ఇంకో కథ కూడా చెప్తాయి, అది కూడా వినండి.

అమెరికాలోని కొలరాడో నది నీళ్లను 1922లో పంచుకున్నారు. ఏటా ఎగువ రాష్ట్రాలకు 75 లక్షల ఎకరా అడుగులు, దిగువకు మరో 75 లక్షలు. మన లెక్కలో చెప్పాలంటే చెరో 327 టీఎంసీలు. తర్వాత 1944 ఒప్పందంతో మెక్సికోకు ఇంకో 65. మొత్తం దాదాపు 720 టీఎంసీలు కాగితం మీద పంచేశారు. తీరా చూస్తే, వాళ్లు దగ్గర పెట్టుకున్న కొలతలన్నీ అరుదైన తడి ఏళ్లవని తర్వాత చెట్ల వలయాల వల్లే తెలిసింది. 2000 నుంచి ఆ నదిలో సగటున వస్తున్నది సుమారు 540 టీఎంసీలు. అంటే మొదటి తప్పు వాతావరణ మార్పుది కాదు, మీరన్నట్టు మనుషులదే. కానీ ఆ పైన, ఒక్కో డిగ్రీ వేడికి ఆ నది ప్రవాహం సుమారు 9 శాతం తగ్గుతుందని 2020లో లెక్క తేల్చారు. మంచు తగ్గితే నేల నల్లగా బయటపడి ఎండను ఎక్కువ పీల్చుకుంటుంది, దాంతో ఆవిరి పెరుగుతుంది. 2021 ఆగస్టులో ఆ నది మీది పెద్ద రిజర్వాయర్ లేక్ మీడ్ దగ్గర చరిత్రలో మొదటిసారి అధికారికంగా కొరత ప్రకటించారు.

పాత కరువుల్లో ప్రధానంగా వాన తక్కువ. ఇప్పుడు వానా తక్కువ, ఎండా ఎక్కువ. తేడా అదే.

సందేహాలరావు | రాత్రి 11:04

సరే, కొలరాడో ఒప్పుకున్నా. అన్ని కరువులకూ ఇదే రూలంటే మాత్రం ఒప్పుకోను.

శాటిలైట్‌కన్ను | రాత్రి 11:09

ఒప్పుకోవద్దు. ఒక్కో కరువునూ విడిగా లెక్కేస్తారు. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో 2015 నుంచి మూడేళ్లు వరసగా వానలు ముఖం చాటేశాయి, 2018 ఫిబ్రవరిలో మనిషికి రోజుకు 50 లీటర్లని పరిమితి పెట్టారు, కుళాయిలు ఎండిపోయే తేదీని 'డే జీరో' అని ముందే ప్రకటించారు. అలాంటి మూడేళ్ల కరువు వచ్చే అవకాశం వేడెక్కడం వల్ల మూడింతలు పెరిగిందని తేలింది. వేరే కొన్ని కరువులకు అలా ఏమీ తేలలేదు, ఆ మాటా చెప్పారు.

పదును | మంగళవారం ఉదయం 5:40

రాత్రి చదివి పడుకున్నా, పొద్దున్నే రాస్తున్నా. నేను రైతుని. మీ లెక్కలు సగమే అర్థమయ్యాయి గానీ నేను కళ్లారా చూసింది ఒకటి చెప్తా.

ఈ సీజన్‌లో ఒక రోజు రెండు గంటల్లో ఆరేడు సెంటీమీటర్ల వాన దంచికొట్టింది. గట్లు తెగాయి, నీళ్లు ఎర్రగా మట్టిని ఎత్తుకుపోయాయి. మర్నాడు గునపంతో తవ్వి చూశా. పైన జానెడు బురద, కింద పొడి. గట్టిగా పొడి, పిడికిట్లో నలిపితే దుమ్ము లేచింది. అంతకు ముందు నెలలో ఎప్పుడో ఒకసారి మూడు రోజులు ముసురు పట్టింది, మొత్తం కలిపి ఇందులో సగం వాన కూడా లేదు, కానీ అప్పుడు మూరెడు లోతు దిగింది పదును. రికార్డులో మాత్రం కుండపోతదే పెద్ద వాన. సగటు దగ్గర చూస్తే రెండూ ఒకే డబ్బాలో పడతాయి. మాకు వాన రోజులు తగ్గాయి, వాన తగ్గలేదు. ఈ ముక్క టీవీలో ఎందుకు చెప్పరు?

గేజ్‌కర్ర | ఉదయం 7:15

పదును గారూ, రాత్రి నేను పేజీ రాసి చెప్పలేనిది మీరు గునపంతో చెప్పారు.

దీనికి కారణం కూడా ఉంది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరిని పట్టి ఉంచగలదు. పెద్ద సంచి అనుకోండి. నిండటానికి ఎక్కువ రోజులు పడుతుంది, నిండిందంటే ఒక్కసారిగా కుమ్మరిస్తుంది. నిండేదాకా నేల మీది తడిని లాగుతూనే ఉంటుంది. అందుకే ఒకే సీజన్‌లో వరదా చూస్తాం, ఎండిన పైరూ చూస్తాం. ఇంకో రకం కూడా ఉంది, ఫ్లాష్ డ్రాట్ అంటారు, రెండు మూడు వారాలు వాన ఆగి, వేడిగాలి తోడైతే చాలు, నిన్నటిదాకా పచ్చగా ఉన్న చేను వాడిపోతుంది. నెలవారీ వాన పట్టికలో అది కనపడే సరికి పంట పోయి ఉంటుంది.

ఇంకోటి చెప్తే నమ్మరు. ఆస్ట్రేలియాలోనే విక్టోరియా రాష్ట్రంలో 1997 నుంచి 2009 దాకా పెద్ద కరువు నడిచింది. తర్వాత వానలు వచ్చాయి. ఏడేళ్లు గడిచాక లెక్క చూస్తే మూడో వంతుకు పైగా పరీవాహక ప్రాంతాల్లో వాన పడినా పాత లెక్కన నీరు రావడం లేదు. వానకీ నదికీ ఉన్న లెక్కే మారిపోయింది. అప్పటిదాకా మాకు, అంటే అంచనాలు వేసేవాళ్లకి, ఒక నమ్మకం ఉండేది: కరువు పోతే నది మామూలైపోతుందని.

మోడల్‌పిచ్చి | ఉదయం 9:30

ఇదంతా పాత పద్ధతుల గోల. ఇప్పుడు ఏఐ వచ్చింది. డేటా మొత్తం పడేస్తే న్యూరల్ నెట్‌వర్కే నేర్చుకుని చెప్పేస్తుంది. నేల, చెట్టు, ఆవిరి అని విడివిడిగా తలబాదుకోవడం ఎందుకు?

లెక్కలమాస్టారు | ఉదయం 9:41

ఏ డేటా బాబూ?

మోడల్‌పిచ్చి | ఉదయం 9:43

హిస్టారికల్ డేటా. యాభై, వందేళ్లది.

లెక్కలమాస్టారు | ఉదయం 10:02

అదే అడుగుతున్నా. యాభై ఏళ్లంటే సీజన్ అంచనాకి యాభై ఉదాహరణలు మాత్రమే. అందులో ఇప్పుడున్నంత వేడి ఉన్న ఏళ్లు ఎన్ని? వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. గతంలో నది ఎలా నడిచిందో రేపూ అలాగే ఊగిసలాడుతుందని అనుకోవడాన్ని స్టేషనారిటీ అంటారు. డ్యాముల ఎత్తు, వరద లెక్క, ఆయకట్టు, అన్నీ దాని మీదే కట్టారు. అది చచ్చిపోయిందని 2008లోనే సైన్స్ పత్రికలో నీటి శాస్త్రవేత్తలు రాశారు. చచ్చినదాని దగ్గర పాఠం నేర్చుకున్న మోడల్ ఏం చెప్తుంది?

ఒక పాత ముచ్చట. మన రుతుపవనాల సీజన్ అంచనాకి అప్పట్లో 16 సూచికల గణాంక మోడల్ వాడేవారు. చాలా ఏళ్లు బాగానే నడిచింది. 2002లో 'సాధారణం' అని చెప్పింది. ఆ జూలైలో వాన సగానికి సగం పడిపోయింది, సీజన్ మొత్తం సగటులో 81 శాతం దగ్గర ఆగింది. మరుసటి ఏడాదే మోడల్ మార్చాల్సి వచ్చింది. అంతకు ముందు 1997లో దానికి తలకిందులుగా జరిగింది. ఆ శతాబ్దంలోనే బలమైన ఎల్ నినోల్లో (పసిఫిక్ సముద్రం వేడెక్కడం, మన వానలకు తరచూ చేటు) ఒకటి వచ్చింది, కరువు ఖాయమని అందరికీ టెన్షన్, తీరా వాన 102 శాతం పడింది. సముద్రం ఒక్కటే చూసి చెప్పేస్తే ఇలాగే ఉంటుంది.

శాటిలైట్‌కన్ను | ఉదయం 10:30

మోడల్‌పిచ్చి బ్రోని అంతగా ఉతక్కండి. నాలుగైదు రోజుల ముందు వరద చెప్పడంలో, నీటిమట్టం కొలిచే గేజ్‌లు లేని నదుల మీద కూడా, ఏఐ మోడళ్లు నిజంగానే పాతవాటిని దాటేశాయి. చిక్కంతా నెలల ముందు చెప్పే అంచనాతోనే. పైగా మార్చి, మే మధ్య ఎల్ నినో లెక్కలే తడబడతాయి, ఆ నెలల్లో పసిఫిక్ ఏ మూడ్‌లో ఉందో ఎవరికీ సరిగ్గా అంతుపట్టదు. మనకి అంచనా అవసరమయ్యేది సరిగ్గా అప్పుడే.

కొలిచే సాధనాలు మాత్రం మెరుగయ్యాయి. 2002లో గ్రేస్ అని జంట ఉపగ్రహాలు పంపారు, అవి 2017లో ఆగాక 2018 నుంచి అలాంటిదే మరో జంట ఆ పని చేస్తోంది. ఒకదాని వెనక ఒకటి, మధ్య సుమారు 220 కిలోమీటర్లు. కింద బరువెక్కువున్న చోటికి వస్తే ముందున్నది కాస్త ముందుకు లాగబడుతుంది, మధ్య దూరం వెంట్రుక మందం కంటే తక్కువ మారినా పట్టేస్తాయి. భూగర్భజలం తరిగిపోతే ఆ చోటు బరువు తగ్గుతుంది కదా, అలా నీళ్లను ఆకాశం నుంచి తూకం వేస్తారు. రాజస్థాన్, పంజాబ్, హర్యానాల్లో 2002 నుంచి 2008 లోపు 109 ఘన కిలోమీటర్ల భూగర్భజలం పోయిందని తెలిసింది దీని వల్లే. అది వానలు బాగా తగ్గిన కాలం కూడా కాదు. లోపమేంటంటే ఇవి వందల కిలోమీటర్ల ప్రాంతాన్ని మొత్తంగా చూస్తాయి, మీ బావి సంగతి వాటికి తెలీదు.

మబ్బుచాటు | ఉదయం 11:15

బాబోయ్, ఇంత చర్చ అవుతుందనుకోలేదు. ఇంకో చిన్న డౌటు. 'సాధారణం' అంటే దేనితో పోల్చి?

లెక్కలమాస్టారు | ఉదయం 11:22

మంచి ప్రశ్న. గడచిన కొన్ని దశాబ్దాల సగటుతో. పదేళ్లకోసారి ఆ సగటునే మారుస్తారు. మన నైరుతి రుతుపవనాల దీర్ఘకాల సగటు 88 సెంటీమీటర్లు ఉండేది, 2022లో 1971-2020 ఏళ్ల లెక్కతో 87 చేశారు. మోసం కాదు, పద్ధతే అంత. కానీ గజం బద్దే కాస్త కురచైందని గుర్తుపెట్టుకుని శాతాలు చదవాలి.

సందేహాలరావు | మధ్యాహ్నం 1:05

నాదో ప్రాక్టికల్ ప్రశ్న. అంచనాలు ఎలాగూ తప్పుతున్నాయి కదా, వచ్చిన నీటిని వచ్చినట్టు పట్టి ఉంచేస్తే పోలా? వరద వస్తుందని ముందే గేట్లెత్తి వదిలేస్తారు, తర్వాత నీళ్లు లేవని ఏడుస్తారు.

గేజ్‌కర్ర | మధ్యాహ్నం 1:40

రావు గారూ, ఈ ఒక్క విషయంలో నేను మీ పక్షం, సగం వరకే. వరద కాలంలో రిజర్వాయర్‌లో కొంత ఖాళీ ఉంచాలని రూల్ కర్వ్ ఉంటుంది, లేకపోతే పెద్ద వరద వచ్చిన రోజు డ్యామ్‌కీ కింద ఊళ్లకీ ముప్పు. కాలిఫోర్నియాలో లేక్ మెండొసినో అని ఒకటుంది. 2012 డిసెంబరులో తుపాను వచ్చింది, రూల్ ప్రకారం నీళ్లు వదిలేశారు. 2013 మొత్తం వాన చాలా తక్కువ, చెరువు బాగా తగ్గిపోయింది. రూల్ రాసిన నాడు వాతావరణ అంచనాలు నమ్మదగ్గవి కావు కాబట్టి రూల్‌లో ఆకాశం వైపు చూడమనే మాటే లేదు. తర్వాత పద్ధతి మార్చారు, కొద్ది రోజుల్లో పెద్ద వాన లేదని అంచనా చెప్తే నీళ్లు ఆపుకోవచ్చని. 2020లో అలా 11 వేల ఎకరా అడుగులు, అంటే అర టీఎంసీకి కాస్త తక్కువ, అదనంగా మిగిలింది. చిన్న చెరువుకి అది 19 శాతం ఎక్కువ. ఇది కుదరడానికి కారణం వారం లోపు అంచనాలు బాగుపడటం. సీజన్ అంచనాని నమ్మి మాత్రం నేను గేటు ముట్టుకోను.

ఎందుకంటే అదే కాలిఫోర్నియాలో 2021 వసంతంలో కొండల మీద మంచు కొలిచి, కరిగితే ఇంత వస్తుందని ఏప్రిల్లో చెప్పారు. నెల తిరిగేలోపు 5 లక్షల ఎకరా అడుగులకు పైగా, అంటే 22 టీఎంసీలు, లెక్కలో లేకుండా పోయాయి. మంచు కరిగింది, నదికి రాలేదు. ముందటి ఏడాది ఎండిన నేల కొంత తాగేసింది, వేడిగాలి కొంత పట్టుకుపోయింది.

పదును | సాయంత్రం 6:20

మరి మాలాంటోళ్లం ఏ అంకె పట్టుకుని విత్తాలి సార్?

గేజ్‌కర్ర | రాత్రి 8:30

ఒక అంకె అడక్కండి, రెండు అడగండి. సరైన అంచనా ఎలా వేస్తారంటే, ఈ రోజు నేల తడి, నీటిమట్టం ఎంతో తీసుకుని, దాని మీద గత 40 ఏళ్ల వాతావరణాన్ని ఒక్కో ఏడాదిగా నడిపిస్తారు. 40 జవాబులొస్తాయి. పదింటిలో తొమ్మిదిసార్లు దాటే అంకె ఒకటి, పదింటిలో ఒక్కసారే దాటేది ఇంకోటి. నీళ్లు ఎక్కువ తాగే పంటకి కింది అంకె, అంటే తొమ్మిదిసార్లు దాటేది, చూసుకోండి. అది కూడా ఇప్పుడు కాస్త ఎక్కువే చెప్తుంది, ఆ 40 ఏళ్లలో చాలావి ఇప్పటికంటే చల్లటివి కాబట్టి.

మా ఆఫీసులో జరిగింది చెప్తా, ఏ ఆఫీసని అడగొద్దు. రెండేళ్లు వరసగా పొడి ఏళ్లు నడిచాక మూడో ఏడాది అంచనా వేశాం. నేను రెండు అంకెలు పంపా. పైనుంచి ఫోను: ఈ రెండూ ఎందుకు, ఒకటి చెప్పు. మధ్యది చెప్పా. అది ఫైల్లోంచి ఆయకట్టు లెక్కలోకి, అక్కణ్ణుంచి హామీలోకి వెళ్లిపోయింది. వచ్చిన నీరు నా కింది అంకె కంటే కూడా తక్కువ. కారణం వెతకడానికి ఎగువ గేజ్ స్టేషన్‌కి వెళ్లా. ఒడ్డున గేజ్ పలక కింది భాగం ఇసుకలో కూరుకుపోయి ఉంది. పలక చుట్టూ మోకాలి లోతు నీటి గుంట, కదలిక లేదు, దాని మీద నాచు. అసలు ప్రవాహం ఎప్పుడో అవతలి ఒడ్డుకి జరిగిపోయి సన్నగా పోతోంది. రిజిస్టర్ తీసి చూస్తే పదకొండు రోజులుగా ఉదయం ఎనిమిదింటికి ఒకటే రీడింగు: 0.35, 0.35, 0.35. చదివినతని తప్పు లేదు, గుంటలో నీటిమట్టం నిజంగా అంతే ఉంది. మేం ఆ 0.35 పెట్టుకుని నది బాగానే పారుతోందని మోడల్‌ని సరిదిద్దుకుంటూ కూర్చున్నాం. నేల తేమ మీటర్లు అంతకు ముందే పాడైపోతే వాటి చోట పాత సగటు వేసి నడిపించేశాం, అది ఇంకో తప్పు, అందులో నా వాటా ఉంది.

ఇంత జరిగాక మరుసటి ఏడాది రెండు అంకెలూ అడుగుతారనుకున్నా. దశాంశం తర్వాత రెండు స్థానాల వరకు ఇవ్వమని నోట్ వచ్చింది.

పదును | రాత్రి 8:44

ఆ పలక బాగుచేశారా?

గేజ్‌కర్ర | రాత్రి 8:51

ఇసుక తీయించారు. వరదకి మళ్లీ నిండింది.